కమాను కింద మేస్త్రీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. వెనకటికి ఫ్రాన్సు దేశపు అడవినేలిన ఓ సింహరాజు రెండోదాని జోలికి పోలేదు గానీ, మొదటిదాన్ని ఒక్కరోజూ వదల్లేదు. గుహ పక్కన కోట, కోట పక్కన బురుజు! పొరుగు ఎలుగురాజు అరవై అడుగుల కమాను కట్టించాడని తెలియగానే ఎగిరి గంతేసి, "మనది డెబ్భై!" అన్నాడు.

ఆ పని తిబో అనే నక్కకు అప్పగించాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. తిబో మేస్త్రీ అరిచి అరిచి అందర్నీ పరుగులు పెట్టించింది. కొండ మీంచి రాళ్లు లాగి లాగి గోతియే అనే ముసలి ఎద్దు మెడ కాయలు కాసింది. ఎలాగైతేనేం, కమాను లేచింది! రాళ్లు జారకుండా కింద కర్రల చట్రం ఉంది. సున్నం గచ్చు గట్టిపడ్డాకే దాన్ని తీయాలి.

"రేపు ఎలుగురాజు వస్తున్నాడు. పొద్దున్నే కిందికెళ్లి ఆ చట్రం గుంజలు కుమ్మి పడెయ్," అంది నక్క గోతియేతో.

గోతియే కొమ్ముతో గచ్చును పొడిచి చూసింది. వెన్నలో దిగినట్టు దిగింది.

"మేస్త్రీగారూ, ఇంకా పచ్చిగానే ఉందండీ. అంతా నా నెత్తినే పడుద్ది. నిదానమే ప్రధానం అన్నారు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నార్లే! రేపు నాకు రాజశిల్పి బిరుదు. నోరెత్తావో, పని ఎగ్గొట్టావని చెప్పి నిన్నే విందులో వడ్డిస్తా!"

తెల్లారింది. డప్పులు మోగాయి! మేకలు, కుందేళ్లు, అడవంతా వచ్చేసింది. ఎలుగురాజూ వచ్చాడు. సింహరాజుకి కాలు ఒక్కచోట నిలవడం లేదు.

గోతియే ముందుకొచ్చి తల వంచింది. "మహారాజా, ఇంత గొప్ప కమాను కింద ముందుగా నిలబడే భాగ్యం రాళ్లు లాగే ఎద్దుకెందుకండీ? కట్టిన మేస్త్రీ నిలబడ్డమే మా పనోళ్ల ఆచారం. గుంజలకి తాడు కట్టి నేను దూరం నుంచి లాగుతా."

"భేష్! తిబో, నిలబడు! ఉండుండు, నీ పక్కన నేనూ నిలబడతా!" అంటూ రాజు ఒక్క దూకున కమాను కిందికి వచ్చేశాడు.

రాజు కూడా నిలబడతాడని గోతియే అనుకోలేదు. గుంజలకి కట్టిన తాడు వదులుగానే ఉంచి గట్టిగా అరిచింది.

"ఒకటీ!"

"వణుకుతున్నావేం తిబో?"

"సంతోషం... సంతోషం ప్రభూ."

"రెండూ!"

"బాబోయ్, లాగొద్దు! గచ్చు ఆరలేదు!" అని కేకేసి, నక్క ఎలుగురాజు కాళ్ల సందులోంచి దూరి పరుగో పరుగు.

రాజు మెల్లగా తలెత్తి పైకి చూశాడు. అంతకన్నా మెల్లగా బయటికొచ్చాడు. అందర్నీ దూరం పంపి, "ఇప్పుడు లాగు," అన్నాడు. డెబ్భై అడుగుల కమానూ ధడేల్మని కూలింది!

"మాది ఆరడానికి రెండేళ్లు పట్టింది లెండి," అన్నాడు ఎలుగురాజు, దుమ్ము దులుపుకుంటూ.

సింహరాజు సిగ్గుపడ్డాడు. మళ్లీ కట్టించాడు. ఈసారి గోతియే సరేననేదాకా చట్రం మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. కమాను నిలిచింది! దాని నెత్తిన కొమ్ములతో సహా గోతియే రాతిబొమ్మ పెట్టించాడు. తిబోనీ మరిచిపోలేదు. పైనుంచి వాననీళ్లు పోయే తూముకి దాని మొహమే చెక్కించాడు. వాన పడితే చాలు, ఆ నోరు తెరుచుకుని అడవంతా వినేలా కక్కుతుంది.

తాను నిలబడలేని చోట ఇంకొకరిని నిలబెట్టేవాడి పనితనం నమ్మకూడదు.