‘చూశాను’ అన్న పలక

జోగారావు మాస్టారికి ఒక అలవాటుంది. ఆయన నడిపేది డ్రైవింగ్ స్కూలు. ఉన్నవి ఒక చిన్న కారు, ఏదో బడివాళ్ళు అమ్మేసిన ఒక పాత బస్సు. బస్సులో పాఠం అయ్యాక నేర్చుకునేవాళ్ళంతా దిగిపోతారు. ఆయన మాత్రం దిగరు. మెల్లగా లేచి, రెండు పక్కలా సీట్ల మీద చెయ్యి ఆనించుకుంటూ చివరి సీటు దాకా నడుస్తారు. అక్కడ వంగి సీట్ల కింద చూస్తారు. మళ్ళీ అంత దూరమూ నడిచొచ్చి అప్పుడు దిగుతారు. బండిలో ఉన్నది ఆయనా, ఒక్క శిష్యుడూ అయినా సరే, ఇది తప్పదు. వయసు డెబ్బై దాటింది, మోకాళ్ళు మాట వినవు. మేం దీనికి ‘మాస్టారి ప్రదక్షిణం’ అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. బ్యాంకులో గుమాస్తాగిరీ చేసుకుంటూ నలభై రెండో ఏట స్టీరింగు పట్టి, గేరు మార్చినప్పుడల్లా బండిని కప్పలా ఎగిరించే నాకు ఇంకొకర్ని చూసి నవ్వే అర్హత లేదు. అయినా అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాణ్ణి.

మాలో ఝాన్సీ అనే అమ్మాయి ఉండేది. నాన్న ట్రాక్టరు మీద చెయ్యి తిరిగిన పిల్ల. పెద్ద బండ్ల లైసెన్సు అప్పుడే చేతికొచ్చింది. మర్నాడు ఒక బడిలో బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. జీవితంలో అదే మొదటిది. ఫోనులో వీడియోలు చూసి నలభై ప్రశ్నలూ జవాబులూ నోట్సులో రాసుకుంది. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ ఫైల్లో వరసగా పెట్టుకుంది. ఆ సాయంత్రం పాఠం అయ్యాక మాస్టారు ప్రదక్షిణం ముగించి దిగబోతుంటే మెట్ల దగ్గరే ఆపేసింది.

“మాస్టారూ, ‘అందరిలో లేనిది నీలో ఏముంది’ అని అడుగుతారట. దానికి ఒక్కటే నాకు జవాబు కుదరడం లేదు. ఏం చెబితే ఉద్యోగం వస్తుంది? వచ్చాక రోజూ ఆ పని ఎలా ఉంటుంది?”

నేను ఊరుకోలేదు. “ఇంటర్వ్యూ పెళ్ళిచూపులమ్మా, ఉద్యోగం కాపురం. అక్కడ పాట పాడిస్తారు, ఇక్కడ పిండి రుబ్బిస్తారు” అన్నాను. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. బస్సు మెట్టు మీదే కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను కలిపింది ఏమీ లేదు, కలపడానికి ధైర్యమూ లేదు.

పన్నెండేళ్ళ కిందట మాస్టారు ఒక ప్రైవేటు బడిలో బస్సుల వ్యవహారమంతా చూసేవారట. ఏడు బస్సులు. పసిపిల్లలు బస్సులో నిద్రపోతారు కదా, దిగకుండా ఎవరైనా ఉండిపోతారేమోనని ఆయనకు ఎప్పుడూ భయం. ఆలోచించి ఒక పద్ధతి పెట్టారు. ప్రతి బస్సులోనూ వెనక అద్దానికి ఒక నల్లపలక వేలాడదీయించారు. ఒక వైపు ‘చూడాలి’ అని ఉంటుంది, రెండో వైపు ‘చూశాను’ అని. రెండూ ఒకే రంగు సున్నంతో రాసిన అక్షరాలు. ఆయా పిల్లల్ని చెయ్యి పట్టుకుని తరగతుల్లోకి తీసుకెళ్ళాలి. డ్రైవరు చివరి సీటు దాకా నడిచి, కిందా మీదా చూసి, పలక తిప్పి రావాలి. పలక తిప్పాలంటే అక్కడి దాకా నడవక తప్పదు, నడిస్తే చూడక తప్పదు. అదీ ఆయన ఉపాయం. ‘చూశాను’ అని బయటికి కనబడితే ఆ బస్సు ఖాళీ అని అందరికీ తెలుస్తుంది.

ఒక ఏడాది వేసవిలో ఒక డ్రైవరు పోస్టూ, ఒక ఆయా పోస్టూ పడ్డాయి. బల్ల అవతల ప్రిన్సిపాలు, కరస్పాండెంటు, మాస్టారు కూర్చున్నారు. పదికి ఇన్ని మార్కులని వెయ్యాలి. డ్రైవరు పోస్టుకి తవిటినాయుడనే కుర్రాడు వచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, తొణక్కుండా మాట. ‘అందరిలో లేనిది నీలో ఏముంది’ అని మాస్టారే అడిగారు. ఆ ప్రశ్న ఆయన ఏదో పుస్తకంలో చదివి అప్పుడే కొత్తగా నేర్చుకున్నారట.

“మీ పలక పద్ధతి ముందే కనుక్కుని వచ్చానండి” అన్నాడు వాడు. “చాలా మంచి పద్ధతి. కానీ ఒక్కో డ్రైవరూ రోజుకి ఎన్నిసార్లు వెనక్కీ ముందుకీ నడుస్తాడో లెక్కేశారా? కిటికీల పైన నాలుగు కొక్కేలు కొట్టి, ఒక నైలాను తాడు పలక దాకా లాక్కుంటే చాలండి. సీట్లో కూర్చునే తిప్పెయ్యొచ్చు. ఎవరైనా ఉంటే అద్దంలో ఎలాగూ కనబడతారు.”

కరస్పాండెంటు బల్ల మీద చరిచి శభాష్ అన్నాడు. ఇలాంటి బుర్ర కావాలండీ మనకి, అన్నాడు ప్రిన్సిపాలు. మాస్టారు తొమ్మిది మార్కులు వేశారు. ఆ మాట చెబుతూ మాస్టారు మా మొహాలకేసి చూడలేదు. “పలక పెట్టింది నేను. ఎందుకు పెట్టానో మర్చిపోయిందీ నేనే. తాడు చూసి మురిసిపోయాను. నెల తిరక్కుండా ఏడు బస్సులకీ అదే తాడు కట్టించాను” అన్నారు.

అదే రోజు ఆయా పోస్టుకి సన్యాసమ్మ అనే ఆమె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఉతికిన చీర, చేతిలో ఏ కాగితమూ లేదు. అక్షరం ముక్క రాదంది. మరి పలక మీద ఏముందో చదవలేకపోతే ఏం చేస్తావమ్మా అని ప్రిన్సిపాలు అడిగాడు. ఎగతాళికేం కాదు, మామూలుగానే అడిగాడు.

“సదవలేను గాని బాబూ, ఎక్కి సూత్తాను” అంది ఆమె.

ముగ్గురూ నవ్వారు. మాస్టారు రెండు మార్కులు వేశారు. మరీ ఉత్త చేతులతో పంపడం ఎందుకని బస్సులు కడిగే పనిలో పెట్టుకున్నారు. బయట కడగడం వరకే ఆమె పని. లోపల తుడవడానికి వేరే మనుషులున్నారు. ఆమె బకెట్టు అందుకుంది.

నాలుగేళ్ళు ఏ లోటూ లేకుండా గడిచాయి. తవిటినాయుడికి రెండుసార్లు జీతం పెరిగింది. అతను చెడ్డవాడు కాదు, బండి పూలలో పెట్టినట్టు నడిపేవాడు, పిల్లలకి మావయ్య. మార్చి నెలలో ఒక రోజు, హర్షిణి అనే ఐదేళ్ళ పాపకి జలుబు చేస్తే వాళ్ళమ్మ మందు పట్టించి బస్సెక్కించింది. ఆ మందుకి మత్తుంటుంది. పాప చివరి సీట్లో పడుకుని నిద్రపోయింది. ఎనిమిదీ నలభైకి బస్సు బడికి చేరింది. పిల్లలు దిగారు, ఆయా వాళ్ళతో వెళ్ళింది. తవిటినాయుడు అద్దంలోకి చూశాడు. సీట్ల వీపులు కనబడ్డాయి గానీ సీటు మీద పడుకున్న పిల్ల కనబడలేదు. తాడు లాగాడు. పలక తిరిగింది. అద్దాలన్నీ మూసి, తలుపు గడియ పెట్టి వెళ్ళిపోయాడు. తరగతిలో టీచరు పాప రాలేదని రాసుకుంది.

పదిన్నరకి తల్లి వచ్చింది. పాపకి జ్వరం గానీ తగిలిందేమో చూసి పోదామని వచ్చింది. పిల్ల రాలేదని చెప్పేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. పొద్దున్న బస్సెక్కించింది తనే. బడంతా గగ్గోలైంది. బావి దగ్గరికి ఒకరు పరిగెత్తారు, రోడ్డు మీదికి ఇద్దరు, మరుగుదొడ్లన్నీ తెరిచి చూశారు. బస్సుల సంగతి చూడండి మాస్టారూ అన్నారు. మాస్టారు ఎండలో ఆ చివర నుంచి ఈ చివర దాకా ఏడు బస్సుల వెంట నడిచి ఏడు పలకలూ చదివారు. ఏడింటి మీదా ‘చూశాను’ అనే ఉంది. తిరిగొచ్చి, “బస్సులన్నీ చూశాం, లేదు” అని చెప్పారు.

ఇక్కడ మాస్టారు ఒళ్ళోని తువ్వాలు మడత పెట్టారు. “అబద్ధం ఆడానని నాకు తెలియదు తల్లీ” అన్నారు ఝాన్సీతో.

తల్లి నిలబడలేకపోతోంది. మాస్టారే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నీడలో కూర్చోబెట్టారు. ఆవరణలో నీడ ఉన్నది బస్సుల పక్కనే. మూడో బస్సు వెనక చక్రానికి ఆనుకుని ఆమె కూర్చుంది. మాస్టారు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆమె తాగలేదు, తల బస్సుకేసి కొట్టుకుంటూ పిల్ల పేరు పిలుస్తూనే ఉంది. ఆ తలకి మూరెడు పైన, మూసిన అద్దం వెనక, ఆ పిల్లే ఉంది.

ఎవరో “అయ్యో” అన్నారు. ఝాన్సీ చేతిలో ఫైలు జారి కిందపడినా ఆమె వంగి తీసుకోలేదు.

పదకొండూ ఇరవైకి, తల్లిని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాక, సన్యాసమ్మ బకెట్టుతో వచ్చింది. పెరటి కుళాయి దగ్గర ఉన్న మనిషి, ఈ గగ్గోలు ఆమె చెవిన పడలేదు. రోజూ లాగే మొదటి బస్సెక్కి దిగింది. రెండోదెక్కి దిగింది. మూడో బస్సు గడియ తీసి ఎక్కింది. ఒక కేక వినిపించింది. పిల్లని భుజాన వేసుకుని, మెట్లు దిగుతూనే నెత్తిన నీళ్ళు చల్లుతూ, “ఈ పాప ఎవలదర్రా?” అని అరుస్తోంది. మాస్టారు మొదట చూసింది పిల్లని కాదు, పలకని. అది ఇంకా ‘చూశాను’ అనే అంటోంది.

పాప బతికింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఇంకో అరగంటైతే మా చేతుల్లో లేదని డాక్టరు అన్నాడు. ఆ సాయంత్రం తవిటినాయుడు బ్లేడు తీసుకుని ఏడు బస్సుల్లోనూ తాళ్ళు తనే కోసేశాడు. కోసి, చివరి బస్సులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాస్టారు వెళ్ళి పక్కన కూర్చున్నారు. “తాడు నీదే గాని, మార్కులు నావి” అన్నారట.

తర్వాత సన్యాసమ్మ దగ్గరికి వెళ్ళారు. ఎక్కి చూడాలని నీకెలా తోచిందమ్మా అని అడిగారు. ఆమెకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

“తోసడమేటి బాబూ? దినమూ ఏడూ ఎక్కి సూసీసే గదా నీళ్ళు కొడతాను. నాకు సదువు రాదు గదా” అంది.

నాలుగేళ్ళుగా రోజూ ఎక్కి చూస్తే ఏం కనబడేదని అడిగారు.

“ఏటీ కనబడదు బాబూ.”

మాస్టారు ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి, బడివాళ్ళు అమ్మకానికి పెట్టిన బస్సొకటి కొన్నారు. కొన్నదేదో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. మేమంతా దాని మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాం. నేను తలెత్తి కిటికీల పైకి చూశాను. నాలుగు కొక్కేలు తుప్పు పట్టి ఇంకా అలాగే ఉన్నాయి. అందులో రెండో దానికి రోజూ నా సంచీ తగిలించేవాణ్ణి. ఆ రోజూ తగిలే ఉంది. దాన్ని తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఝాన్సీ కింద పడిన ఫైలు తీసి, దుమ్ము దులిపి, నలభై ప్రశ్నల నోట్సు అందులోకి తోసేసింది. “అయితే రేపు నన్ను ఏం చెప్పమంటారు మాస్టారూ?” అంది.

మాస్టారు మోకాలు పట్టుకుని లేచి, మెట్టు మీంచి పక్కకి తప్పుకున్నారు.

“బస్సులో ఎవరైనా ఉన్నారా తల్లీ?”

ఝాన్సీ మా అందరి వైపూ చూసింది. లెక్కకి అందరం అక్కడే ఉన్నాం. “ఎవరూ లేరు మాస్టారూ” అంది.

“అది నీకు తెలిసిన మాట” అన్నారు ఆయన. “చూసిన మాట చెప్పు.”