దళవాయి తోలిన బండి

తాగి బండి తోలినవాడికి బొటనవేళ్లు తీయించాలన్నది ఆ రాజ్యంలో శాసనం. రాజుగారి సేనలను నడిపే దళవాయి వీరభూపతి ఓ మధ్యాహ్నం కొండమీది తోటలో విందు ముగించి, తూలుతూ వచ్చి బండెక్కి, "కళ్లాలు ఇలా ఇవ్వరా, నేనే తోలతా" అన్నాడు.

బండివాడు జంగప్పకు కనుమదారి మలుపులూ, వాటి కింది లోయా గుర్తొచ్చాయి. కాదంటే కొరడా దెబ్బలు. "చిత్తం దొరా" అని, గుర్రాలను విప్పి చెట్టుకు కట్టేసి, కళ్లాలు మాత్రం ఆయన చేతిలో పెట్టాడు. దళవాయి అదిలించాడు, తిట్టాడు, కాసేపటికి గురక పెట్టాడు. అప్పుడు జంగప్ప మళ్లీ గుర్రాలను పూన్చి, ఆయన్ను జాగ్రత్తగా ఇల్లు చేర్చాడు.

మర్నాడు దళవాయి నిండు సభలో గొప్పలు పోయాడు. "నిన్న పీకలదాకా తాగి కనుమ దిగాను. ఒక్కడికీ గోరంత దెబ్బ తగల్లేదు."

రాజు తలారిని కత్తి తెమ్మన్నాడు. దళవాయి బొటనవేళ్లు గుప్పిట్లో దాచుకుని, వెనక నిలబడ్డ జంగప్ప వైపు చూశాడు.

"దొరగారు తోలిన మాట నిజమే ప్రభూ," అన్నాడు జంగప్ప. "అప్పుడు గుర్రాలు చెట్టుకింద గడ్డి మేస్తున్నాయి."

"అంతేనా?" అని రాజు దళవాయిని అడిగాడు.

"అంతే ప్రభూ. గుర్రాల్లేని బండే తోలాను," అని దళవాయి తల దించుకున్నాడు.

"అందుకే ఎవరికీ దెబ్బ తగల్లేదు," అన్నాడు జంగప్ప.