బట్టమేక గుడ్డు

దస్తగిరికి జనం మీద కోపం వచ్చింది.

ప్రతి గురువారం చుట్టుపక్కల రైతులు జమాల్‌షా బాబా ఆశ్రమానికి వచ్చేవాళ్లు. బాబా పెద్దగా మాట్లాడేవాడు కాదు. శిష్యుడు దస్తగిరే వాళ్లను కూర్చోబెట్టి చెప్పేవాడు. ఒకప్పుడు ఇదంతా గడ్డినేల అనీ, అందులో మనిషి నడుమెత్తు బట్టమేక పిట్టలు తిరిగేవనీ, మగపిట్ట మెడ ఉబ్బించి మూలిగితే ఊరవతలికి వినిపించేదనీ చెప్పేవాడు.

"ఇప్పుడు ఒక్కటీ లేదు. మీ నాగళ్లే మింగేశాయి," అనేవాడు.

రైతులు తలలు వంచుకుని వినేవాళ్లు. అన్నం తిని వెళ్లి, మర్నాడు మిగిలిన గడ్డి కూడా దున్నేవాళ్లు.

"ఏడేళ్లుగా చెబుతున్నాను బాబా," అన్నాడు దస్తగిరి ఒక పొద్దున. "ఒక్కడూ వినడు. ఎట్లా చెబితే వీళ్లకు ఎక్కుతుంది?"

బాబా చేతికర్ర తీసుకుని లేచాడు. ఆశ్రమం వెనక నాలుగెకరాల మిరపతోట ఉంది. పదిమంది శిష్యులకూ వచ్చేపోయే వాళ్లకూ తిండి దాని మీదే. బాబా సాళ్ల మధ్య నడిచి నడిచి ఒకచోట ఆగాడు.

"ఇక్కడ," అన్నాడు.

"ఏముంది బాబా ఇక్కడ?"

"బట్టమేక గుడ్డు ఉండేది. అది ఏడాదికి ఒక్కటే పెడుతుంది. నేను ఈ నేలకు వచ్చిన రెండో వానకాలం. గుడ్డు కనబడితే నాగలి పక్కకు తిప్పాను. నాలుగడుగులు వదిలి చుట్టూ దున్నాను. మంచిపని చేశాననుకున్నా. తల్లి మళ్లీ గుడ్డు మీదికి రాలేదు."



బాబా వంగి ఒక మిరపమొక్కను వేళ్లతో సహా పీకి పక్కన పెట్టాడు. ఇంకొకటి పీకాడు.

"బాబా, ఇంకో నెల ఆగితే కాయ పండుతుంది. ఏడాది తిండి."

బాబా మూడోది పీకాడు.

దస్తగిరి పక్క సాలులో వంగి తనూ పీకసాగాడు.

తోటంతా పీకి నేలను గడ్డికి వదిలేశారు, చుట్టూ ఉన్న కంచె కూడా తీసేశారు. శిష్యులు తిండికోసం కూలికి పోయారు. దస్తగిరి ఓబులేసు అనే రైతు చేలో వేరుశనగ కలుపు తీశాడు. గురువారాల్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఆ ఓబులేసే. ఆయన ఏమీ అడగలేదు. మధ్యాహ్నం రొట్టె, ఉల్లిగడ్డ చేతిలో పెట్టాడు. దస్తగిరి తల వంచుకుని తిన్నాడు. ఆ తర్వాత గురువారాల్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సాయంత్రాలు నాలుగెకరాల్లో తిరిగి గడ్డిని బతకనివ్వని సర్కారు తుమ్మ మొలకల్ని తవ్వి పారేసేవాడు. చేతులు చీరుకుపోయేవి. రెండో ఏటికి గడ్డి మోకాలెత్తు లేచింది. కుందేళ్లు వచ్చాయి, కౌజుపిట్టలు వచ్చాయి. మూడో వానకాలం కూడా వెళ్లిపోయింది. బట్టమేక రాలేదు.

ఆ ఏడాది వానలు సరిగా లేవు, కూలి దొరకలేదు. శిష్యులు ఒంటిపూట తింటున్నారు. దస్తగిరి బాబా ముందు కూర్చున్నాడు.

"మూడేళ్లయింది బాబా. పిట్ట రాలేదు. సగమైనా దున్నుకుందామా?"

బాబా గడ్డి వైపు చూశాడు.

"ఆ తల్లిపిట్ట సంగతి నీకు మొత్తం చెప్పలేదు," అన్నాడు. "గుడ్డు పోయాక కూడా ప్రతి వానకాలం వచ్చేది. దున్నిన నేల అంచున నిలబడి చూసేది. కాలు పెట్టకుండా వెళ్లిపోయేది."

"ఎన్నేళ్లు వచ్చింది బాబా?"

"పదకొండేళ్లు."

దస్తగిరి లేచి, తలగుడ్డ చుట్టుకుని, కూలి వెతుక్కుంటూ పక్క ఊరి దారి పట్టాడు.