నూనెను వదలని ఇసుకరాతి గుట్ట

ఎర్రదిబ్బల అడవిలో ఏనుగులు, దుప్పులు, కోతులు, ఎలుగుబంట్లు ఉండేవి. అడవి నడుమ ఒక ఇసుకరాతి గుట్ట ఉంది. దాని అడుగున నల్లని రాతినూనె బొట్టుబొట్టుగా ఊరేది. ఒంటికి నెత్తురు పీల్చే పిడుదులు పడితే ఆ నూనె రాసుకోవడం అక్కడి జంతువుల అలవాటు.

ఆ ఏడాది పిడుదులు విరుచుకుపడ్డాయి. సరిగ్గా అప్పుడే నూనె ఊట ఆగిపోయింది! చుక్కమ్మ అనే తల్లిదుప్పి ఉండేది. పిడుదులు పట్టి దాని బిడ్డ లేవలేక చతికిలబడింది. పాపం, ఆ తల్లి ప్రాణం గిలగిల్లాడిపోయింది.

"నూనె రాతిలోనే ఉంది. నీళ్ళు కొట్టి బయటికి తోసేస్తా. తీసేది నేను కనుక ముందు నా ఒంటికే!" అన్నాడు భద్రుడనే ఏనుగు.

గుట్ట మీది పగుల్లోకి తొండంతో నీళ్ళు జల్లున కొట్టాడు. కింద కాసిని చుక్కల నూనె రాలింది. ఆ తర్వాత అన్నీ నీళ్ళే! ఎంత కొట్టినా, ఊహూఁ, నీళ్ళే వచ్చాయి.

చుక్కమ్మ ఒక రాతి పెచ్చు మీద నీటిబొట్టు వేసి చూసింది. బొట్టు జారిపోయింది.

"మామా, ఈ రాయికి నీళ్ళంటే గిట్టదు. లోపల ఇసుకనంతా నూనె పట్టుకుని ఉంది. నీళ్ళు పక్కనుంచి జారిపోతున్నాయి. ముందు రాయికి నీళ్ళు అంటేలా చేయాలి" అంది.

"నాకే చెబుతావుటే? పోవే!" అని భద్రుడు కసిరాడు.

కుంకుడు నురగకు జిడ్డు వదులుతుందని చుక్కమ్మకు తెలుసు. కోతుల చేత కుంకుడుకాయలు చితక్కొట్టించి, ఆ రసం పెచ్చు మీద వేసింది. ఆహా! రాయి రసాన్ని పీల్చుకుంది. నల్లని నూనె చెమటలా పైకి తేలింది.

"మెల్లగా పోయండర్రా! రాయిని తాగనివ్వండి!" అంది చుక్కమ్మ.

కోతులు పగుల్లో రసం పోస్తూనే ఉన్నాయి. నూనె జాడ లేదు. భద్రుడు పకపకా నవ్వాడు. బిడ్డ కళ్ళు మూతలు పడుతున్నాయి. చుక్కమ్మకు ఏడుపొచ్చింది, అయినా పోయించడం ఆపలేదు.

పొద్దు వాలుతుండగా గుట్ట అడుగున నూనె బుడబుడమంది. ఆ వెనకే ధారకట్టింది!

చుక్కమ్మ పరుగున వెళ్ళి బిడ్డకు పూసింది. పిడుదులు జలజలా రాలిపోయాయి. తెల్లారేసరికి బిడ్డ లేచి, "అమ్మా, ఆకలే!" అంది. అడవి అడవంతా కేరింతలు కొట్టింది.

ముందు నాకే అన్న భద్రుడు ఒళ్ళంతా గోక్కుంటూ అందరి వెనకా నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి తల వంచుకుని, "తప్పయిందే తల్లీ, కాస్త నాకూ రాయవూ?" అని బతిమాలాడు.

నీతి: అడ్డు ఏమిటో తెలుసుకోకుండా చూపే బలం వృథా, తెలుసుకుని ఓపికగా చేసిన పని గెలుస్తుంది.