హవల్దారుగారు ఎత్తిన బంతి

గురువుగారి గొప్పలు చెప్పడానికి కూర్చుంటే సింహాద్రికి తిండీ నీళ్లూ గుర్తుండవు. గురువుగారంటే పొట్నూరు అప్పలస్వామిగారు. పదిహేనేళ్లు సైన్యంలో చేసి, యుద్ధంలో పతకం అందుకుని, హవల్దారుగా బయటికొచ్చి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆమదాలవలసలో మేనేజరైన మనిషి. సాయంత్రం బ్యాంకు షట్టరు దించగానే వాలీబాల్ కోర్టులో దిగేవారు. ఆటలో ఆయన లిఫ్టరు. కొట్టేవాడికి బంతి ఎత్తి అందించడం ఆయన పని. సింహాద్రికి కొట్టడం నేర్పింది ఆయనే.

మర్నాడు ఆయన రిటైర్మెంటు సభ. మాట్లాడాల్సింది సింహాద్రి. యుద్ధంలో గురువుగారు శత్రువుల్ని ఒంటిచేత్తో తరిమికొట్టారని పదేళ్లుగా ఊరంతా చెప్పుకు తిరిగినవాడూ అతనే. అదే మూడు పేజీలు రాసి, కోర్టు దగ్గర ఆయన చేతికిచ్చాడు.

అప్పలస్వామిగారు కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"నేను తుపాకీ పేల్చినట్టు రాశావేట్రా? నేను టెలిఫోను తీగలు వేసేవాణ్ని. వెనకున్న ఫిరంగులకి కబురందాలంటే ఆ తీగే దిక్కు. గుండ్లు పడుతుంటే తెగిన తీగ వెతికి కలిపాను. పతకం దానికిచ్చారు."

సింహాద్రి తన పరువు సంగతి అలా ఉంచి, రేపు అందరిలో గురువుగారు చిన్నబోతారే అని బాధపడ్డాడు. అది తీసేస్తే ఇంక చెప్పడానికేం మిగులుతుందని నసిగాడు.

ఆయన కాగితాలు బెంచీ మీద పెట్టి, బంతి పట్టుకుని నెట్ పక్కన నిలబడి రమ్మని సైగ చేశారు. అరవయ్యేళ్ల వేళ్ల మీంచి బంతి మెత్తగా లేచింది. సింహాద్రి ఎగిరి కొట్టాడు. అవతల దుమ్ము రేగింది. గోడ మీద కూర్చున్నవాళ్లు సింహాద్రి పేరెత్తి ఈలలు వేశారు.

గురువుగారి మొహం చూస్తే ఆ ఈలలన్నీ ఆయనకే వేసినట్టుంది.

"వాళ్లు మెచ్చుకుంటున్నది నన్ను సార్," అన్నాడు సింహాద్రి, సిగ్గుపడుతూ.

"మెచ్చుకోనీరా. బంతి ఎక్కడ పెట్టానో నాకు తెలీదేటి?"

మర్నాడు సింహాద్రి ఉత్త చేతులతో వేదికెక్కాడు.

"పదేళ్లుగా మీకు అబద్ధం చెప్పాను. మా గురువుగారు యుద్ధంలో ఒక్క గుండు కూడా పేల్చలేదు," అన్నాడు.

ముందు వరసలో హవల్దారుగారు నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూస్తుంటే సింహాద్రికి ఛాతీ పొంగింది.

"పేల్చినవాళ్లకి ఎక్కడ పేల్చాలో కబురు మోసుకెళ్లిన తీగ మాత్రం ఆయన కలిపిందే."