నీటికీ గడ్డికీ మధ్య గోడ

విన్నదంతా మరిచిపోయేవాళ్ళు శిష్యులుగా ఉండటానికి తగుతారా అని భ్రమరాంబ తన గురువు పరదేశయ్యగారిని అడిగింది. ఏడాదిగా ఆమెకి పొద్దున విన్న మాట సాయంత్రానికి నిలవడం లేదు. నువ్వు తగవు అంటే ఇక రావడం మానేయాలని నిశ్చయించుకునే అడిగింది. రేపు అందరం చెరువు చూడటానికి వెళ్తున్నాం, నువ్వూ రమ్మన్నారాయన.

బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే ఆ చెరువున్న పార్కు. కొండమీది అడవి, గడ్డినేల, జమ్ము పెరిగిన బురదనేల, మూడూ మూడువైపుల నుంచి వచ్చి నీటి దగ్గర కలుస్తాయి. సరిగ్గా ఆ కలిసేచోట, చూడవచ్చినవాళ్ళ కాళ్ళకి బురద అంటకూడదని మోకాలెత్తు సిమెంటు గోడ కట్టారు. నీటివైపు గోడకి ఆనుకుని మేటవేసిన బురద మీదుగా ఇవతలికి వచ్చి, గడ్డిలో గుడ్లు పెట్టి నీళ్ళలోకి తిరిగిపోతున్న తాబేలొకటి ఆ గోడ ఎక్కబోయి జారిపడుతోంది. మళ్ళీ ఎక్కబోతోంది.

శిష్యులు చుట్టూ మూగారు. అందరిలోకీ జ్ఞాపకశక్తి ఎక్కువున్న కోదండం, ఫలితం ఆశించని ప్రయత్నం గురించి అయ్యగారు కిందటి నెల చెప్పిన మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మిగతావాళ్ళు తలలూపి పుస్తకాల్లో రాసుకున్నారు.

గోడవారన ఎండిపోయి పడున్న రెండు తాబేటి డిప్పలు అప్పుడు భ్రమరాంబ కంటబడ్డాయి. ఒళ్ళు మండిపోయింది. కొంగు దోపుకుని తాబేలుని ఎత్తబోతే కాపలాదారు పరుగున వచ్చాడు. జంతువులని ముట్టుకోరాదని అంత బోర్డు పెడితే చదవడం రాదా అని గద్దించాడు.

“దాని దారికి అడ్డంగా గోడ కట్టినవాడిది తప్పు కాదు, నేను ముట్టుకుంటే తప్పయిందా? ఆ బోర్డేదో ముందు మీ మేస్త్రీకి చూపించు నాయనా.”

గోడ దాటి బురదలోకి దిగి, తాబేలుని నీళ్ళలో వదిలింది. గోడకి సందు కొట్టేదాకా కదలనని అక్కడే చతికిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పైవాళ్ళకి ఫోన్లు చేసి చేసి, చివరికి కాపలాదారు గొణుక్కుంటూనే గునపం తెచ్చాడు. తాబేలు పట్టేంత సందు పడింది.

కోపం దిగాక ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది. శాంతం గురించి ఇన్నేళ్ళుగా మీరు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆ వేళకి గుర్తు రాలేదని, నేను తగనని నాకే తెలిసిపోయిందని తలవంచుకుని పరదేశయ్యగారితో చెప్పింది.

ఆయన ఆమె కాళ్ళ బురద వంకా, మిగతావాళ్ళ చేతుల్లోని పుస్తకాల వంకా చూశారు.

“గుర్తున్నవాళ్ళందరూ గోడకి ఇవతలే నిలబడ్డారు కదమ్మా” అన్నారు.