ఉప్మా చేసిన నాన్న బొమ్మ

పిల్లల గేయాలు రాయడంలో చెయ్యి తిరిగిన దమయంతమ్మకు ఒక అలవాటు ఉంది. పిల్లల గేయం ఎవరు రాసి తెచ్చినా బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. పక్కవీధి అంగన్‌వాడీకి తీసుకెళ్ళి, చాప మీద కూర్చున్న నాలుగేళ్ళవాళ్ళ ముందు పాడిస్తుంది. తీర్పు వాళ్ళది.

ఆమె శిష్యురాలు వకుళ తన మొదటి బొమ్మల గేయాల పుస్తకం సిద్ధం చేసింది. రాతా గీతా రెండూ తనవే. ప్రచురణకర్త అన్నీ మెచ్చుకుని ఒక్క పేజీ దగ్గర ఆగాడు. ఆ పేజీలో నాన్న ఉప్మా కోసం ఉల్లిపాయ తరుగుతున్నాడు, అమ్మ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది. ‘పిల్లలు తికమకపడతారు. ఇద్దరి చోట్లూ మార్చండి, లేకపోతే పుస్తకం వేయలేను’ అని ఉత్తరం రాశాడు. రోజూ పొద్దున్నే తాను ఎవరు చేసిన ఉప్మా తింటాడో ఆయన రాయలేదు గానీ, ఊహించడం పెద్ద కష్టం కాదు.

“ఒక్క బొమ్మ కోసం పుస్తకమే పోగొట్టుకోవాలా అమ్మా? మార్చేయనా?” అని అడిగింది వకుళ.

“బొమ్మ సంచిలో పెట్టుకుని రా,” అంది దమయంతమ్మ చెప్పులేసుకుంటూ.

అంగన్‌వాడీలో వకుళ బొమ్మ ఎత్తి పట్టుకుని పాడింది:

టకటక టకటక ఉల్లిని తరిగి
చకచక చకచక రవ్వను కలిపి
నాన్న చేసిన ఉప్మా వేడి,
ఊదుకు తిందాం అందరు కూడి!

రెండోసారికే పిల్లలు అందుకున్నారు. మూడోసారి పాడుతుండగా మస్తానమ్మ అనే పిల్ల లేచి బొమ్మ దగ్గరకు వచ్చింది.

“తప్పు గీశావు,” అంది.

ఉత్తరంలోని మాటే నిజమైందనుకుంది వకుళ. “ఏం తప్పమ్మా? నాన్న వండకూడదా?”

ఆ ప్రశ్న ఆ పిల్లకు అర్థం కాలేదు. “ఉల్లిపాయ కోస్తన్నాడుగా. ఏడవడేం?”

దాంతో చాపంతా లేచింది. “ముక్కు కూడా కారాలి!” అన్నాడు ఒకడు. “మా నాన్నకి ఉప్మా రాదు, పాపం,” అని ఇంకొకడు జాలిపడ్డాడు. “మా అమ్మ చేసినా ఉండలు కట్టుద్ది లే,” అని పక్కది ఓదార్చింది. పేపరు చదువుకుంటున్న అమ్మ జోలికి ఎవరూ పోలేదు.

వకుళ అక్కడే చాప మీద కూర్చుని నాన్న చెంపల మీద రెండు కన్నీటిబొట్లు గీసింది. ముక్కు కొసన ఇంకొకటి. మస్తానమ్మ దగ్గరుండి చూసి, ఇక చాలంది.

బయటికి వచ్చాక వకుళ మార్చే మాట ఎత్తలేదు. “ఆయనకేం రాయమంటారు?” అని మాత్రం నవ్వుతూ అడిగింది.

“ఎవరి కోసం రాశామో వాళ్ళు ఒక తప్పు పట్టారు, దిద్దామని రాయి,” అంది దమయంతమ్మ. “అంతకు మించి ఒక్క ముక్కా రాయకు.”